విరుగుడు ఎక్కడిదాకా వెళ్తుంది?

ఈ కథలోని రైతు ఒక్క మనిషి కాడు. 1997 నుంచి 2002 దాకా ఆరేళ్లలో పురుగుమందు ఒంట్లో చేరి వరంగల్ ప్రభుత్వ పెద్దాసుపత్రి ఎంజీఎంకు వచ్చిన 8,040 మందిలో ఎవరైనా కావచ్చు. ఏ ఒక్కరి పేరూ, ఊరూ, ఇంటి సంగతీ ఇక్కడ రాయడం లేదు. ఆ రాత్రి మనుషులు, మాటలు నా కూర్పు. విషం నడిచిన దారి, విరుగుడు నడిచిన దారి, అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

2002. పత్తి ఏరే కాలం. పరకాల దిక్కు నుంచి వచ్చిన జీపు ఒకటి ఎంజీఎం క్యాజువాల్టీ ముందు ఆగింది. అప్పటికి 108 లేదు. అది మొదలైంది 2005 ఆగస్టు 15న. అప్పటిదాకా ఊళ్లలో ప్రాణం మీదికి వస్తే జీపో, ఆటోనో, పాల వ్యానో.

"సార్, జెర జల్ది సూడుండ్రి సార్!" ముందు దిగినవాడు రోగి బామ్మర్ది.

"ఏం మందు తమ్మీ?" హౌస్ సర్జన్ అప్పటికే స్ట్రెచర్ పక్కన నడుస్తున్నాడు.

"పత్తికి కొట్టేది సార్. పేరు ఎర్కలేదు. డబ్బా మా అక్క తాన ఉన్నది."

ఆమె కొంగులోంచి సీసా తీసి ఇచ్చింది. ఆ కంగారులో కూడా ఆ ఇల్లాలు చేసిన ఈ ఒక్క పని రోగికి సగం వైద్యం. హౌస్ సర్జన్ లేబుల్ వెలుతురుకు తిప్పి చదివాడు. మోనోక్రోటోఫాస్.

"ఎంతసేపయిందమ్మా?"

"పొద్దుగూకినంక సార్. మూడు గంటలైతాంది."

కంటిపాపలు బాగా ముడుచుకుపోయాయి. ఒళ్లంతా చెమట. నోట్లోంచి నురగ, కళ్లల్లోంచి నీళ్లు. తొడ కండరాలు చర్మం కింద వాటంతటవే అదురుతున్నాయి. నాడి నెమ్మదిగా ఉంది. స్టెతస్కోప్ పెడితే రెండు ఊపిరితిత్తుల్లోనూ నీటి చప్పుడు.

మన నరాలు గుండెకు, గ్రంథులకు, కండరాలకు కబురు పంపేది ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనంతో. కబురు అందగానే దాన్ని అక్కడికక్కడే విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి ఉంటుంది, కోలినెస్టరేజ్. మోనోక్రోటోఫాస్ వెళ్లి ఈ ఎంజైమ్‌ను పట్టుకుని పనిచేయనివ్వదు. ఇక కబురు ఆగదు. గ్రంథులు కారుతూనే ఉంటాయి, ఊపిరితిత్తులు ఆ ద్రవంతో నిండుతాయి, గుండె మందగిస్తుంది, కండరాలు అదిరి అదిరి చివరికి చచ్చుబడతాయి. మెదడులో శ్వాసను నడిపే కేంద్రం కూడా అణిగిపోతుంది. పురుగును చంపేదీ ఇదే పద్ధతి, మనిషిని చంపేదీ ఇదే.

"సిస్టర్, అట్రోపిన్!"

మన దగ్గర అట్రోపిన్ ఒక ఆంప్యూల్‌లో 0.6 మిల్లీగ్రాములు ఉంటుంది. సిస్టర్ ఆంప్యూల్ మెడ విరిచింది, ఇంకొకటి విరిచింది. మందు రక్తనాళంలోకి వెళ్లింది. బామ్మర్దిని, అక్కను బయట కూచోమన్నారు.

వరండాలో అతను తంబాకు తీశాడు. చేతులు వణుకుతున్నాయి. అరచేతిలో తంబాకు వేసి, డబ్బీలోంచి గోటితో ఇంత సున్నం తీసి, బొటనవేలితో నలిపి, దులిపి, కింది పెదవి లోపల పెట్టుకున్నాడు. ఈ పని అతనికి తాత నేర్పి ఉంటాడు. సున్నం ఎందుకని అడిగితే, లేకపోతే ఎక్కదంటాడు. నిజమే. అది ఎక్కడానికి కారణమేదో, గోడకు అవతల అతని బావ ఒంట్లో అట్రోపిన్ చేస్తున్న ప్రయాణానికీ అదే కారణం.

నికోటిన్ ఒక క్షారం. క్షారాలు ప్రోటాన్‌ను పట్టుకుంటాయి, పట్టుకున్నప్పుడు వాటికి ధనావేశం వస్తుంది. ఆమ్లాలు ప్రోటాన్‌ను వదులుతాయి, వదిలినప్పుడు రుణావేశం వస్తుంది. దీన్నే అయనీకరణం అంటాం. చుట్టూ పులుపు ఎక్కువుంటే, అంటే పీహెచ్ తక్కువుంటే, ప్రోటాన్లు కావలసినన్ని దొరుకుతాయి. అప్పుడు క్షార మందులు ఆవేశం తెచ్చుకుంటాయి, ఆమ్ల మందులు ఆవేశం లేకుండా ఉండిపోతాయి. పీహెచ్ పెరిగితే ఇదంతా తారుమారు. ఏ పీహెచ్ దగ్గర ఒక మందు సరిగ్గా సగం ఆవేశంతో, సగం ఆవేశం లేకుండా ఉంటుందో ఆ అంకెను ఆ మందు పీకేఏ అంటారు. నికోటిన్‌కు అది 8 దగ్గర. పీహెచ్ 6 ఉన్నచోట వంద నికోటిన్ అణువుల్లో ఒక్కటే ఆవేశం లేనిది. సున్నం కలిసి పీహెచ్ 9కి ఎక్కిందనుకోండి, ఆవేశం లేనివి 91 అవుతాయి. నోటి లోపలి పొర దాటేది ఆ 91.

ఎందుకంటే మన కణాల చుట్టూ ఉన్న పొర కొవ్వుతో తయారైనది. ఆవేశం ఉన్న అణువు ఆ పొర మీద నూనె మీద పడ్డ నీటిచుక్కలాగే ఉంటుంది, కలవదు, దిగదు. ఆవేశం లేని అణువు కొవ్వులో కరిగి అవతలికి జారిపోతుంది. మందు కడుపులో పీల్చుకుంటుందా, మెదడులోకి వెళ్తుందా, మూత్రంలో పోతుందా అన్నవన్నీ చాలామేరకు ఈ ఒక్క తేడాతో తేలతాయి. కొన్ని అణువులను కణాలే ప్రత్యేక ద్వారాల గుండా లోపలికి తీసుకుంటాయి కాబట్టి ఇది సర్వస్వం కాదు, కానీ మొదట చూడవలసింది ఇదే.

పీహెచ్ అనే కొలతను 1909లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ పెట్టాడు. అమెరికాలో హెండర్సన్ 1908లో రాసిన సమీకరణాన్ని డెన్మార్క్ వైద్యుడు హాసెల్‌బాల్క్ 1916లో ఈ కొలతలోకి మార్చాడు. ఫార్మసీ చదివే ప్రతి విద్యార్థీ బట్టీపట్టే హెండర్సన్-హాసెల్‌బాల్క్ సమీకరణం అదే. అందులో గుర్తుంచుకోవలసింది ఒకటే: పీహెచ్ ఒక్క అంకె కదిలితే ఆవేశం ఉన్నవాటికీ లేనివాటికీ మధ్య నిష్పత్తి పదింతలు మారుతుంది.

ఇక లోపలికి వెళ్దాం. అట్రోపిన్ కూడా నికోటిన్ లాంటి క్షారమే. మన పొలాల గట్ల మీద మొలిచే ఉమ్మెత్తలో ఉండేది ఈ కుటుంబమే. అట్రోపిన్ పీకేఏ 9.8 దగ్గర, రక్తం పీహెచ్ 7.4. లెక్క వేస్తే ఆవేశం లేని ఒక్కో అణువుకు ఆవేశం ఉన్నవి దాదాపు 250. ఇంత కొద్దిపాటి భాగంతో ఏమవుతుంది అనిపిస్తుంది. కానీ ఆ ఒక్కటి కొవ్వు పొర దాటి అవతలికి పోగానే, మిగిలిన 250లో ఒకటి ప్రోటాన్ వదిలి దాని స్థానంలోకి వస్తుంది. అదీ పోతుంది, ఇంకొకటి వస్తుంది. అలా అట్రోపిన్ రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న బిగుతైన గోడను కూడా దాటుతుంది. శ్వాస కేంద్రం దాకా వెళ్లి పనిచేస్తుంది. ఎక్కువైతే అక్కడే గోల కూడా పెడుతుంది: రోగి పలవరిస్తాడు, లేని మనుషులతో మాట్లాడతాడు, పక్క బట్టలు పీకుతాడు. ఉమ్మెత్త గింజలు తిన్నవాళ్లకు పట్టే పిచ్చి ఇదే. అలాంటప్పుడు కొన్నిచోట్ల గ్లైకోపైరోలేట్ వాడతారు. పని దాదాపు ఒకటే, కానీ ఆ అణువులోని నత్రజని మీద ఎప్పటికీ పోని ధనావేశం ఉంది. మెదడు గోడ దగ్గర అది ఆగిపోతుంది. పలవరింత ఉండదు, అయితే మెదడులో విషానికి ఎదురు నిలిచేదీ ఉండదు.

రెండు ఆంప్యూళ్లు వెళ్లి అయిదు నిమిషాలైంది. హౌస్ సర్జన్ మళ్లీ పాపలు చూశాడు.

"పాపలు తర్వాత చూద్దువు, ముందు ఛాతీ విను," అన్నాడు వెనక నుంచి వచ్చిన డ్యూటీ డాక్టర్.

"నీటి చప్పుడు ఇంకా ఉన్నది సార్."

ఇక్కడ కథ రెండుగా చీలుతుంది. ఒక దారిలో కేస్ షీట్ మీద అట్రోపిన్ ఇంత, ఇన్ని గంటలకోసారి అని ఒకే మోతాదు రాస్తారు. రోగి ఛాతీ ఎండినా ఎండకపోయినా ఆ కాగితం మారదు. రెండో దారిలో 1.8 నుంచి 3 మిల్లీగ్రాములతో, అంటే మూడు నుంచి అయిదు ఆంప్యూళ్లతో మొదలుపెట్టి, అయిదు నిమిషాలకోసారి ఛాతీ విని, చప్పుడు పోకపోతే మోతాదు రెట్టింపు చేస్తారు. అయిదు, పది, ఇరవై ఆంప్యూళ్లు. ఊపిరితిత్తులు శుభ్రపడి, గుండె నిమిషానికి 80 దాటి, రక్తపోటు నిలబడేదాకా ఆగరు. తర్వాత సన్నగా నిరంతరం ఎక్కిస్తారు.

2002లో ఆ ఆసుపత్రికి వచ్చినవాళ్ల ఫైళ్లు తెరిచి, ఎవరికి ఏ విషం, ఏ విరుగుడు, ఎంత మోతాదు అని లెక్క తీసినవాళ్లున్నారు. కాకతీయ విశ్వవిద్యాలయ ఫార్మసీ కళాశాలకు చెందిన సిహెచ్. శ్రీనివాసరావు, వి. వెంకటేశ్వర్లు, వరంగల్ వైద్యుడు టి. సురేందర్, వారితోపాటు శ్రీలంకలో విషవైద్యం మీద ఏళ్లుగా పనిచేసిన మైకేల్ ఎడిల్‌స్టన్, నిక్ బక్లీ. వాళ్ల పత్రం 2005లో వచ్చింది. ఆరేళ్లలో చేరిన 8,040 మందిలో నూటికి 22.6 మంది చనిపోయారు. అంటే 1,800 పైచిలుకు ప్రాణాలు. 2002లో వచ్చినవాళ్లలో మూడింట రెండు వంతులు ముప్పై ఏళ్లు నిండనివాళ్లు. ఏ మందో తెలిసిన మరణాల్లో ఎక్కువ భాగం రెండింటివే: మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్. ఎక్కువమందికి అట్రోపిన్‌ను, ప్రాలిడాక్సిమ్ అనే ఇంకో విరుగుడును తక్కువ మోతాదులో, మార్పులేని పద్ధతిలో ఇచ్చారు. కొందరికి ఆ విషానికి సంబంధం లేని విరుగుళ్లు కూడా ఇచ్చారు. ఇది వరంగల్ ఒక్కచోటి సంగతి కాదని, ఆసియా పసిఫిక్ దేశాల్లో చాలా గ్రామీణ ఆసుపత్రులది ఇదే పరిస్థితి కావచ్చని ఆ పత్రమే చెప్పింది. పైసా అదనపు వనరు లేకుండానే, ఉన్న మందులను సరిగా వాడి, అతి విషపు మందులను కట్టడి చేసి మరణాలు తగ్గించవచ్చని కూడా చెప్పింది.

ఆ పత్రం నాకు విలువైనది ఇందుకే. తప్పు ఎవరిదో వెతకడానికి వాళ్లు ఫైళ్లు తెరవలేదు. వైద్యుడు, ఫార్మసీ అధ్యాపకుడు ఒకే బల్ల దగ్గర కూచుని, మన ఊళ్లో మన మనుషులు ఎందుకు చనిపోతున్నారని అడిగారు. మందు తన పని చేసేంత అందిందా అని అడిగారు. తర్వాత బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్‌లో వేరే వైద్యులు రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి పరీక్షించారు. పాత పద్ధతిలో మరణాలు 22.5 శాతం, రెట్టింపు చేసుకుంటూ పోయే పద్ధతిలో 8 శాతం. ఆ ఫలితం 2012లో వెలువడింది.

ప్రాలిడాక్సిమ్ సంగతి వేరు, దాని పుట్టుకే ఆవేశాల లెక్కతో మొదలైంది. అట్రోపిన్ కబురును అడ్డుకుంటుంది తప్ప విషం పట్టుకున్న ఎంజైమ్‌ను విడిపించలేదు. అదురుతున్న కండరాలకు, చచ్చుబడుతున్న శ్వాస కండరాలకు అది ఏమీ చేయలేదు. ఆ ఎంజైమ్‌ను విడిపించే మందు కావాలి. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇర్విన్ విల్సన్ ఈ పని మీద కూచున్నాడు. హైడ్రాక్సిలమిన్ అనే రసాయనం ఎంజైమ్‌ను కొంతమేరకు విడిపిస్తుందని 1951లో గమనించాడు, కానీ అది మనిషికి ఇవ్వగలిగినంత బలంగా పనిచేయదు. అప్పుడు ఎంజైమ్ స్వభావాన్నే ఆలోచించాడు. ఎసిటైల్‌కోలిన్‌కు ఒక కొసన ధనావేశం ఉంటుంది. ఎంజైమ్‌లో దాన్ని ఆకర్షించే చోటు ఒకటుంది. విరుగుడుకు కూడా అలాంటి ధనావేశం పెడితే ఎంజైమే దాన్ని తన దగ్గరికి లాక్కుంటుంది. అదే అణువులో సరైన దూరంలో, ఒంటి పీహెచ్ దగ్గర ప్రోటాన్ వదిలి రుణావేశం తెచ్చుకోగల భాగం ఉంటే, అది విషంలోని భాస్వరాన్ని పట్టుకుని ఊడబీకుతుంది. 1955లో విల్సన్ బృందం ఆ అణువును ప్రకటించింది. అదే ఏడాది బ్రిటన్‌లో ఇంకో బృందం కూడా విడిగా అక్కడికే చేరింది. జపాన్‌లో పరాథియాన్ విషం తగిలిన రోగులకు నంబా, హిరాకి అనే వైద్యులు దీన్ని ఇచ్చిన సంగతి 1958లో ప్రచురితమైంది. ఊహలో మొదలై రోగి మంచం దాకా రావడానికి పట్టింది కొద్ది ఏళ్లే. మందుల చరిత్రలో ఇంత శుభ్రమైన ఆలోచన నాకు ఎక్కువ కనిపించలేదు.

అయితే ఏ ఆవేశం దాన్ని ఎంజైమ్ దగ్గరికి తీసుకెళ్లిందో ఆ ఆవేశమే దాని హద్దు కూడా. ప్రాలిడాక్సిమ్ నత్రజని మీది ధనావేశం ఏ పీహెచ్‌లోనూ పోదు. కడుపులోనూ పోదు, పేగులోనూ పోదు, రక్తంలోనూ పోదు. అందుకే నోటితో ఇస్తే సరిగా పీల్చుకోదు, సూదితోనే ఇవ్వాలి. మెదడులోకి చాలా కొద్దిగానే వెళ్తుంది. మెదడు పని అట్రోపిన్ చూసుకోవాలి, కండరం పని ప్రాలిడాక్సిమ్ చూసుకోవాలి. ఒకటి ఉంది కదా రెండోది ఎందుకు అనడానికి లేదు. రెండు సీసాల్లో ఒకే పనికి రెండు మందులు కావవి.

రెండో భాగం, ప్రోటాన్ వదిలే ఆక్సిమ్ భాగం, దాని పీకేఏ 8 దగ్గర. రక్తం పీహెచ్ 7.4 ఉన్నప్పుడు వందలో 20 అణువులు మాత్రమే రుణావేశంతో దాడికి సిద్ధంగా ఉంటాయి. ఊపిరి అందక రోగి రక్తం ఆమ్లమై పీహెచ్ 7.1కి దిగిందనుకోండి, ఆ 20 కాస్తా 11 అవుతాయి. అట్రోపిన్‌లో గోడ దాటే భాగం కూడా సగమవుతుంది, 250కి ఒకటి ఉన్నది 500కి ఒకటవుతుంది. పీహెచ్‌లో 0.3 తేడాకే ఇంత. కాగితం మీది ఈ లెక్క రోగి భవిష్యత్తును తేల్చదు, ఒంట్లో ఇంకా చాలా జరుగుతాయి. కానీ విరుగుడు కన్నా ముందు గొంతు శుభ్రం చేసి, ఆక్సిజన్ పెట్టి, అవసరమైతే గొట్టం వేసి శ్వాస నడిపించాలని పెద్ద డాక్టర్లు అరిచి చెప్పడంలోని న్యాయం ఈ లెక్కలోనూ కనిపిస్తుంది.

దానికి తోడు కాలం. విషం పట్టుకున్న ఎంజైమ్ కొంతసేపటికి ముదిరిపోతుంది. భాస్వరానికి అంటుకుని ఉన్న చిన్న భాగం ఒకటి రాలిపోయి, మిగిలినదానికి రుణావేశం వస్తుంది. రుణావేశంతో వచ్చే ఆక్సిమ్‌ను అది దగ్గరికి రానివ్వదు. ఇక ఎంత ప్రాలిడాక్సిమ్ పోసినా ఆ ఎంజైమ్ తిరిగి రాదు, ఒళ్లు కొత్తది తయారుచేసుకోవలసిందే. మోనోక్రోటోఫాస్ లాంటి డైమిథైల్ రకాల్లో సగం ఎంజైమ్ ముదిరిపోవడానికి నాలుగు గంటలు కూడా పట్టదు. డైఇథైల్ రకాల్లో ఒక రోజు దాటి పడుతుంది. మన రైతు పరకాల దిక్కు నుంచి జీపులో వచ్చేసరికే మూడు గంటలైంది.

ఇందుకే ప్రాలిడాక్సిమ్ మీద వైద్యలోకం ఇప్పటికీ ఒక్కమాట మీద లేదు. మహారాష్ట్రలోని బారామతిలో త్వరగా వచ్చిన రోగులకు ఎక్కువ మోతాదు నిరంతరంగా ఎక్కిస్తే మరణాలు 8 శాతం నుంచి 1 శాతానికి దిగాయని 2006లో వచ్చింది. శ్రీలంకలో ఎడిల్‌స్టన్ బృందం చేసిన పరీక్షలో ఏ మేలూ కనిపించలేదని, మందు అందినవారిలోనే మరణాలు ఎక్కువున్నాయని 2009లో వచ్చింది. ఏ విషం, ఎంతసేపటికి వచ్చారు, వెంటిలేటర్ ఉందా అన్నవి మారితే ఫలితమూ మారుతుంది. ఒకే మోతాదు అందరికీ రాసే పద్ధతి ఇక్కడ నిలవదు.

వార్డులో ఇంకో మంచం మీద ఎండోసల్ఫాన్ రోగి ఉన్నాడనుకుందాం. అతనికి ఫిట్స్. ఎండోసల్ఫాన్‌కు విరుగుడు లేదు. కోలినెస్టరేజ్‌తో దానికి పని లేదు కాబట్టి అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్ దాని మీద వృథా. ఫిట్స్‌ను డయాజెపామ్, ఫినోబార్బిటోన్‌లతో ఆపాలి. ఫినోబార్బిటోన్ ఆమ్ల మందు, పీకేఏ 7.3 దగ్గర. అది ఎక్కువై రోగి మత్తులో మునిగితే వైద్యులకు పీహెచ్ సూటిగా చేతికి వస్తుంది. సోడియం బైకార్బొనేట్ ఎక్కించి మూత్రం పీహెచ్‌ను 5.3 నుంచి 8కి తెస్తే, మూత్రంలోని మందులో నూటికి ఒకటి ఉన్న ఆవేశం ఆరింట అయిదు వంతులకు పెరుగుతుంది. ఆవేశం వచ్చిన మందు మూత్రనాళికల గోడ దాటి రక్తంలోకి తిరిగి రాలేదు, బయటికి పోతుంది. ఆస్పిరిన్ ఎక్కువైనవాళ్లకూ ఇదే వైద్యం. ఆస్పిరిన్ పీకేఏ 3.5. కడుపు పులుపులో అది దాదాపు అంతా ఆవేశం లేకుండా, రక్తంలో దాదాపు అంతా ఆవేశంతో ఉంటుంది. అయినా అది ఎక్కువగా పీల్చుకునేది కడుపులో కాదు, చిన్నపేగులో. అక్కడ లోపలి పొర వైశాల్యం ఎంతో ఎక్కువ కాబట్టి. సూత్రం తెలిసినవాళ్లు కూడా తడబడే చోటు ఇది.

ఈ సూత్రం ఇంకో దిక్కుకూ పనిచేస్తుంది. 1957లో అమెరికాలో షోర్, బ్రోడీ, హాగ్‌బెన్ కుక్కలకు క్షార మందులను రక్తనాళంలోకి ఇచ్చి చూస్తే, అవి కడుపులోని పుల్లటి రసంలోకి వచ్చి పోగుపడ్డాయి. రక్తంలోంచి ఆవేశం లేకుండా దాటాయి, పులుపులో ప్రోటాన్ పట్టుకుని ఆవేశం తెచ్చుకున్నాయి, వెనక్కి పోలేక అక్కడే చిక్కాయి. ఆమ్లమైన మూత్రంలో క్షార మందులు చిక్కడం, క్షారమైన మూత్రంలో ఆమ్ల మందులు చిక్కడం అన్నీ దీని కిందికే వస్తాయి.

మోనోక్రోటోఫాస్‌కు మాత్రం ఈ కిటుకు అందదు. అది ఆవేశం తెచ్చుకునే రకం కాదు, మూత్రం పీహెచ్ మార్చినంత మాత్రాన చిక్కదు. ఇరాన్, బ్రెజిల్ దేశాల్లో కొందరు వైద్యులు ఇలాంటి విషాలకు బైకార్బొనేట్ ఇచ్చి చూశారు. ఉన్న ఆధారాలు దాన్ని సిఫారసు చేయడానికి సరిపోవని 2005లో కోక్రేన్ సమీక్ష తేల్చింది. ఊళ్లలో కొందరు చింతపండు పులుసో, నిమ్మరసమో, ఉప్పునీళ్లో, సబ్బునీళ్లో పోస్తారు. పులుపు ఈ విషాన్ని విరగ్గొట్టదు. వాంతి చేయించబోతే అది ఊపిరితిత్తుల్లోకి పోయి, తప్పే ప్రమాదం కాస్తా ముంచుకొస్తుంది.

మన రైతు బతికాడా అని అడుగుతారు. ఆ ఆసుపత్రికి వచ్చిన ప్రతి వందమందిలో 77 మంది బతికారు. అతను ఎవరిలో ఉన్నాడో చెప్పడం నా తరం కాదు. ఒక రోజు దాటాక తల దిండు మీంచి ఎత్తలేని బలహీనత రావచ్చు, మెడ వాలిపోతే శ్వాస కండరాలు కూడా ఆగబోతున్నాయని అర్థం. అలాంటప్పుడు సమయానికి వెంటిలేటర్ దొరికితే గట్టెక్కే అవకాశం ఉంటుంది.

అసలు ఆ సీసా ఇంట్లో ఎందుకుంది? 1997-98లో పురుగు పత్తిచేల మీద పడింది. మందు మీద మందు కొట్టినా పురుగు చావలేదు, అప్పులు మిగిలాయి. ఆ ఏడాది వరంగల్ పేరు దేశమంతా మోగింది రైతుల ఆత్మహత్యలతోనే. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనకు కారణం ఎప్పుడూ ఒక్కటే ఉండదు. కానీ ఆ ఘడియలో చేతికందేది ఏమిటన్నది చావుబతుకులను మారుస్తుంది, చాలామందిలో ఆ ఘడియ దాటిపోతుంది. శ్రీలంక మోనోక్రోటోఫాస్‌ను 1995లో, ఎండోసల్ఫాన్‌ను 1998లో ఆపింది. 1995తో పోలిస్తే 2005 నాటికి ఆ దేశంలో ఆత్మహత్యల రేటు దాదాపు సగానికి పడింది. మన దేశంలో ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు ఆపింది 2011 మే 13న. మోనోక్రోటోఫాస్ 36 ఎస్‌ఎల్‌ను నిషేధిస్తూ కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది 2023లో, ఉన్న సరుకు అమ్ముకోవడానికి గడువిచ్చి మరీ. వరంగల్ ఫైళ్లు ఆ రెండు పేర్లనే చూపించాయి. ఆ పత్రం వచ్చాక ఒకటి ఆగడానికి ఆరేళ్లు, ఇంకొకటి ఆగడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది. ఇంత ఆలస్యానికి ఏ సమర్థనా లేదు.

ఫార్మసీ, నర్సింగ్, వైద్యం చదువుతున్న పిల్లలకు ఒక మాట. పరీక్షలో పీకేఏ లెక్క చేస్తున్నప్పుడు మూడు గంటల ప్రయాణం చేసి వచ్చిన ఆ రోగిని ఆ లెక్క పక్కన పెట్టుకోండి. మందు పేరు తెలిస్తే చాలదు, అది ఎక్కడిదాకా వెళ్తుందో, ఎక్కడ ఆగుతుందో, ఎంత ఇస్తే చాలుతుందో తెలియాలి.

ఇళ్లల్లో ఉన్నవాళ్లకు ఇంకొక మాట. పురుగుమందు ఇంట్లో ఉంటే తాళం వేసిన పెట్టెలో పెట్టండి, అవసరం తీరాక ఉంచుకోకండి. ఎవరి ఒంట్లోకైనా విషం పోయిందని తెలిస్తే వాంతి చేయించకండి, నోట్లో ఏమీ పోయకండి, మందు పడ్డ బట్టలు తీసి ఒళ్లు కడగండి, ఎడమ పక్కకు పడుకోబెట్టండి, 108కి ఫోన్ చేయండి, సీసానో లేబులో వెంట తీసుకెళ్లండి. మీకు గానీ, మీ ఇంట్లో, మీ వాడలో ఎవరికి గానీ బతుకు మీద విరక్తి మాటలు వస్తుంటే వినండి, ఒంటరిగా వదలకండి, టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. రాత్రీపగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.